మూసీ ఒడ్డున మా కాలనీ: ప్లాంట్ కట్టాక కూడా నాలా నల్లగానే ఎందుకు పారుతోంది?

గట్టుమీద | ఉప్పల్ అవతల | ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మేం ఈ కాలనీకి వచ్చి ఆరేళ్లయింది. మూసీ గట్టు మా మేడ మీద నుంచి కనిపిస్తుంది. ఇల్లు కొన్నప్పుడు వాసన సంగతి తెలుసు, అలవాటైపోతుందిలే అనుకున్నాం. అలవాటు కాలేదు.

మా అమ్మ ప్రతి శుక్రవారం దీపారాధనకి వెండి కుందులు విభూతితో తోముతుంది. ఊళ్లో ఉన్నప్పుడు నెలకోసారి తోమితే సరిపోయేది. ఇక్కడ సోమవారానికే అంచులు పసుపు తిరుగుతాయి, గురువారానికి నల్లగా మసి పట్టినట్టు అయిపోతాయి. మా పాప కాళ్ల పట్టీలు కూడా అంతే. రెండేళ్లలో ఏసీ గ్యాస్ మూడుసార్లు పోయింది. మెకానిక్ రాగి గొట్టం విప్పి చూపించాడు, సన్నని రంధ్రాలు. "ఈ వీధిలో అన్ని ఇళ్లలో ఇదేనండీ" అన్నాడు. వెండినీ రాగినీ ఇంతగా తింటున్న గాలిని పిల్లలు రోజూ పీలుస్తున్నారన్న ఆలోచన వచ్చిన రోజు నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు.

అసలు ప్రశ్న ఇది. మాకు దాదాపు రెండు కిలోమీటర్ల దూరంలో మురుగు శుద్ధి ప్లాంట్ కట్టారు. అది మొదలైతే మా పక్క నాలా తేటపడుతుందని అందరం ఎదురుచూశాం. ప్లాంట్ నడుస్తోంది, నేను వెళ్లి చూశాను, బయటికి వస్తున్న నీళ్లు తేటగానే ఉన్నాయి. కానీ మా నాలా మాత్రం అదే నలుపు, అదే నురగ. లోపం ఎక్కడ? వచ్చే ఆదివారం కాలనీ మీటింగ్ ఉంది. ఊరికే అరుచుకోకుండా, సరైన మాట అడగాలని ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

మూడో అంతస్తు | మలక్‌పేట | ఆదివారం, రాత్రి 9:32

లోపం ఏముందండీ, డబ్బులు ఖర్చుపెట్టి మర్చిపోవడమే. ముప్పై ఏళ్లుగా మూసీ శుద్ధి అని వింటున్నాను. నాకు నమ్మకం పోయింది.

పాత అంబర్‌పేట | ఆదివారం, రాత్రి 10:05

నమ్మకం పోవడంలో మీ తప్పు లేదు బాబూ. కానీ ఈ నది ఇలా ఎందుకయిందో మూలం తెలిస్తే కాస్త దారి కనపడుతుంది, అందుకని రాస్తున్నాను. నాకు డెబ్బై దాటాయి, టైపు చేయడం నిదానం.

మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి, దాదాపు 240 కిలోమీటర్లు పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబర్ 28న వచ్చిన వరదలో దాదాపు 15,000 మంది పోయారని చెబుతారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన సలహాతో మూసీ మీద గండిపేట, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. ఒకటి 1920లో, ఇంకొకటి 1927లో పూర్తయ్యాయి. వరద ఆగింది, ఊరికి తాగునీళ్లు వచ్చాయి. నగరానికి మురుగు కాలువల పథకం కూడా ఆయన చెప్పినదే.

అయితే పైనుంచి వచ్చే మంచి నీళ్లు ఆ రెండు కట్టల దగ్గరే ఆగిపోయాయి. గేట్లు ఎత్తిన రోజులు తప్ప, ఆ రెండు ఏర్లు కలిసే బాపూఘాట్ దిగువన పారేదంతా మనం ఇళ్లలో వాడి వదిలినదే. మా నాయనమ్మ చెప్పేది, ఎండాకాలం ఏటి ఇసుకలో చెలిమ తవ్వుకుని బిందెతో నీళ్లు తెచ్చుకునేవారట. నేను పుట్టేసరికే ఆ మాట కథ అయిపోయింది. ధోబీఘాట్‌లు మాత్రం నేను చూశాను.

కాబట్టి గట్టుమీద గారూ, మీ ముందున్నది మురికిపట్టిన నది అనుకోకండి. వానాకాలం పోగా మిగతా కాలమంతా అందులో మురుగు తప్ప వేరే నీళ్లు లేవు. మురుగుని శుద్ధి చేస్తేనే నది, లేకపోతే లేదు.

ప్లాంట్‌మనిషి | సోమవారం, ఉదయం 6:20

నైట్ షిఫ్ట్ దిగి రాస్తున్నాను. నేను పన్నెండేళ్లుగా ఎస్టీపీల్లో, అంటే మురుగు శుద్ధి ప్లాంట్లలో, ఆపరేటర్‌ని. ఏ ప్లాంట్ అన్నది వదిలేయండి.

ముందు లెక్క చెప్తాను. 2021లో కొత్త ప్లాంట్లు మంజూరు చేసినప్పుడు చెప్పిన లెక్క ప్రకారం నగరంలో రోజుకు 1,650 ఎంఎల్‌డీ మురుగు పుట్టేది. ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు. అప్పటికున్న 25 ప్లాంట్ల సామర్థ్యం 772. అంటే సగానికి పైగా నేరుగా నాలాల్లోకే. అందుకే 3,866 కోట్లతో 31 కొత్త ప్లాంట్లు అన్నారు. అన్నీ కలిపి దాదాపు 1,260 ఎంఎల్‌డీ. వాటిలో నాగోల్‌లో 320, ఫతేనగర్‌లో 133, కోకాపేటలో 15. పాతవాటిలో అంబర్‌పేట 339 అన్నిటికన్నా పెద్దది.

పాత పెద్ద ప్లాంట్లు యూఏఎస్‌బీ పద్ధతి. గాలి తగలని తొట్టిలో కింద నుంచి పైకి మురుగు పోతూ ఉంటుంది, అడుగున ఉన్న సూక్ష్మజీవులు దాన్ని తింటాయి. కరెంటు తక్కువ పడుతుంది, మన వేడికి బాగానే పనిచేస్తుంది. కానీ అందులోంచి వచ్చిన నీళ్లకి మళ్లీ గాలి పట్టించకపోతే నదికి పనికిరావు. కొత్తవి ఎస్‌బీఆర్. ఒకే తొట్టిలో నింపడం, గాలి కొట్టడం, కదలకుండా ఉంచి తేర్చడం, పైనున్న తేట నీళ్లని నిదానంగా దించడం. మళ్లీ మొదటి నుంచి. స్థలం తక్కువ, నీళ్లు బాగా వస్తాయి, కరెంటు మాత్రం ఎక్కువ.

మేం రోజూ చేసే పని ఒకటి చెప్తాను. గాలి కొడుతున్న తొట్టిలోంచి లీటరు గాజు జాడీ నిండా తీసి, గట్టు మీద పెట్టి అరగంట చూస్తాం. ముందు అంతా ఒకే రంగు, ఎర్రమన్ను కలిపిన టీలాగా ఉంటుంది. ఐదు నిమిషాలకి పైన వేలెడు తేట వస్తుంది. తర్వాత బురద ముద్దలు ముద్దలుగా ఒకదాన్నొకటి పట్టుకుని దిగుతాయి. అరగంటకి బురద జాడీలో మూడో వంతు దగ్గర ఆగి, పైనంతా అద్దంలా ఉంటే ఆ రోజు మాకు టెన్షన్ లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తొలకరి మట్టి వాసన రావాలి. కుళ్లిన గుడ్డు వాసన వచ్చిందంటే లోపల గాలి అందక జీవులు చచ్చిపోతున్నాయని అర్థం. మీ వెండి కుందుల్ని నల్లగా చేసేది కూడా ఆ వాసన గాలే, హైడ్రోజన్ సల్ఫైడ్. ఆక్సిజన్ లేని మురుగులోంచే అది పుడుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్న. ప్లాంట్ తనకు చేరిన మురుగునే శుద్ధి చేస్తుంది. మీ కాలనీ పైపు ప్లాంట్‌కి పోయే పెద్ద లైన్‌లో కలిసిందా, లేక నాలాలో కలిసిందా? ముందు అది తేల్చుకోండి. కొన్ని ప్లాంట్లకి నాలాకి అడ్డంగా చిన్న కట్టవేసి, అక్కడి మురుగుని మళ్లించి తెస్తారు. అలాంటి చోట మీ పైపు ఆ కట్టకి దిగువన కలిస్తే, ఎంత మంచి ప్లాంట్ ఉన్నా మీ నీళ్లు దాని ముఖం చూడవు.

గట్టుమీద | సోమవారం, ఉదయం 8:02

ప్లాంట్‌మనిషి గారూ, రాత్రంతా పనిచేసి ఇంత ఓపిగ్గా రాశారు. చాలా థాంక్స్. ఆ జాడీ సంగతి అమ్మకి చదివి వినిపించాను. కుందుల దగ్గరికి వచ్చేసరికి "అయితే నా చేతి తప్పు కాదన్నమాట" అంది పాపం. ఇన్నాళ్లూ సరిగా తోమడం లేదేమో అనుకుందట.

మా పైపు ఎక్కడ కలుస్తుందో ఎవరికీ తెలియదు. లేఅవుట్ వేసినవాళ్లు ఇప్పుడు లేరు. ఎలా కనుక్కోవాలి?

లెవెల్ మిషన్ | నాచారం | సోమవారం, మధ్యాహ్నం 1:15

సివిల్ ఇంజనీర్‌ని, డ్రైనేజీ లైన్ల సర్వేలు చేశాను. దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు.

ల్యాబ్ సామాన్లు అమ్మే దుకాణంలో ఫ్లోరసీన్ అనే రంగు పొడి దొరుకుతుంది. చిటికెడు చాలు, బకెట్ నీళ్లు మెరిసే ఆకుపచ్చగా మారతాయి. నల్లటి మురుగులో కూడా తెలుస్తుంది. కాలనీలో అన్నిటికన్నా ఎత్తున ఉన్న ఇంట్లో టాయిలెట్‌లో పోసి ఫ్లష్ కొట్టండి. దాని వెనకే ఇంకో నాలుగు బకెట్లు పోయండి. ఒకరు కల్వర్ట్ కింద నాలా దగ్గర, ఒకరు మెయిన్ రోడ్డు మీద పెద్ద లైన్ దగ్గర నిలబడండి. టైమ్ రాసుకోండి. ఉదయం అందరూ నీళ్లు వాడే వేళ అయితే ప్రవాహం ఉంటుంది, త్వరగా తెలుస్తుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను. మ్యాన్‌హోల్ మూత మీరు తీయకండి, ఎవర్నీ దింపకండి. ఇందాక చెప్పిన గాలే లోపల ఎక్కువగా ఉంటే ముందు ముక్కుకి వాసన తెలియడం మానేస్తుంది, ఆ తర్వాత మనిషి పడిపోతాడు. వాసన లేదు కదా అని దిగి పోయినవాళ్లు ఎందరో. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం మనిషిని రక్షణ పరికరాలు లేకుండా మురుగులోకి దింపడం నేరం. ఇలా చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు వచ్చినా మనిషి రాడు. డ్రైనేజీ లైన్ చూసే సిబ్బందిని పిలిచి, మూత వాళ్ల చేతే తీయించి, పైనుంచే చూడండి.

ఎందుకిలా తప్పు చోట కలుస్తాయంటే, మురుగు వాలు మీద పారుతుంది. శివారు లేఅవుట్లు ముందు వచ్చాయి, పెద్ద లైన్లు తర్వాత వచ్చాయి. ఇల్లు కట్టుకున్నవాళ్లకి ఆ రోజు దగ్గర్లో పల్లంగా ఉన్నది వాన నీటి కాలువ. అందులో కలిపేశారు. తర్వాత పెద్ద లైన్ వచ్చినా, రోడ్డు తవ్వి కలపడానికి డబ్బు ఎవరు పెట్టాలి అన్న దగ్గర ఆగిపోయింది.

ఈ గొడవ హైదరాబాద్‌కే అనుకోకండి. యాభై వేల జనాభా ఉన్న చిన్న పట్నం తీసుకోండి. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు, అందులో 80 శాతం మురుగుగా వస్తుందని మేం లెక్క వేస్తాం. అంటే రోజుకు 54 లక్షల లీటర్లు, 5.4 ఎంఎల్‌డీ. ఆ ఊరికి అంత ప్లాంట్ కట్టేస్తే సరిపోతుందని ఫైలు మీద ఉంటుంది. లైన్లు సగం వీధుల్లోనే ఉంటే ప్లాంట్‌కి మూడు కూడా రాదు. తిండి చాలక అందులో జీవులు బతకవు. ప్లాంట్ ఖాళీగానూ నది నల్లగానూ ఒకేసారి ఉండేది ఇలాగే.

సొసైటీ సెక్రటరీ | నిజాంపేట | సోమవారం, రాత్రి 8:44

నేనొక విషయం ఒప్పుకోవాలి. మా అపార్ట్‌మెంట్‌లో సొంత ఎస్టీపీ ఉంది, 180 ఫ్లాట్లు. రెండేళ్ల క్రితం కరెంటు బిల్లు తగ్గించాలని కమిటీలో తీర్మానం చేసి రాత్రి పదకొండు నుంచి ఉదయం ఐదు దాకా తొట్టిలోకి గాలి కొట్టే బ్లోయర్ ఆపించాం. సంతకం నాదే. నెలకి డబ్బు మిగిలింది. మూడు వారాలకి వాసన మొదలైంది. మొక్కలకి పోసే నీళ్లు బూడిద రంగులోకి మారాయి, లాన్ మాడిపోయింది. మిగిలిన నీళ్లు బయట చెరువు వైపు పోతాయి. ఆ చెరువు పక్కన చేపలు పట్టుకునే కుటుంబాలు ఉన్నాయి. ప్లాంట్‌మనిషి గారి జాడీ సంగతి చదివాక ఇది రాయకుండా ఉండలేకపోయాను. ఇప్పుడు బ్లోయర్ ఆపడం లేదు. ఇంకా ఏం చూసుకోవాలో చెప్పగలరా?

ప్లాంట్‌మనిషి | మంగళవారం, ఉదయం 6:35

సార్, చెప్పినందుకు మీకు దండం. ఇదే పని చేసి చెప్పనివాళ్లే ఎక్కువ.

గాలి కొట్టే తొట్టిలో లీటరు నీటిలో 2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండేలా చూడండి, చేతి మీటర్ ఒకటి కొనిపించండి. జాడీ పరీక్ష మీ ఆపరేటర్ చేత రోజూ చేయించి, అంకె గోడ మీద సుద్దతో రాయించండి. అందరికీ కనపడే చోట ఉంటే ఎగ్గొట్టరు. అడుగు బురద అప్పుడప్పుడు తీయాలి. డబ్బు మిగులుతుందని అది ఆపితే తేట నీళ్లతో పాటు బురద కూడా పొంగి వచ్చేస్తుంది. ఫ్లాట్లవాళ్లకి చెప్పాల్సింది: వంటనూనె సింకులో పోయొద్దు, శానిటరీ ప్యాడ్లు, తడి వైప్స్ ఫ్లష్ చేయొద్దు, యాసిడ్ డబ్బాలు డబ్బాలు పోసి బాత్రూమ్ కడగొద్దు. యాసిడ్ మా జీవుల్ని చంపేస్తుంది. ఆపరేటర్‌కి సెలవు రోజున ఇంకో మనిషిని పెట్టండి. ఇది మర్చిపోతారు అందరూ.

మేం ఒక రాత్రి అనుభవించింది చెప్తాను. రెండు గంటల వేళ లోపలికి వచ్చే మురుగు ఉన్నట్టుండి ఊదా రంగులోకి తిరిగింది, ముక్కు మండించే వాసన. ఎవరో ట్యాంకర్‌తో కెమికల్ నీళ్లు ఎక్కడో మ్యాన్‌హోల్‌లో దింపారు. గేటు మూసేలోపే కొంత లోపలికి పోయింది. పొద్దుటికి జాడీలో బురద దిగడం మానేసింది, పాలు విరిగినట్టు తేలుతోంది. పక్క ప్లాంట్ నుంచి మంచి బురద ట్యాంకర్లలో తెచ్చి పోసుకుని, మళ్లీ జీవుల్ని పెంచుకునేసరికి నెల పట్టింది. ఆ నెల రోజులు నదిలోకి ఏం పోయిందో నాకు తెలుసు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ల్యాబ్ మేడం | మంగళవారం, మధ్యాహ్నం 3:20

నీళ్ల పరీక్షలు నా పని. మీటింగ్‌లో అడగడానికి మీకు రెండు మూడు అంకెలు ఇస్తాను.

బీఓడీ అంటే నీటిలో ఉన్న మురికిని తినడానికి సూక్ష్మజీవులకి ఎంత ఆక్సిజన్ కావాలి అన్నది. మన దేశంలో సీసాని 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి కొలుస్తాం. ఇంటి మురుగులో లీటరుకు 200 మిల్లీగ్రాముల పైన ఉండటం మామూలే. స్నానానికి పనికొచ్చే నదిలో 3 దాటకూడదు, కరిగిన ఆక్సిజన్ 5కి తగ్గకూడదు. ప్లాంట్ నుంచి వదిలే నీళ్లలో బీఓడీ 10 లోపు ఉండాలని హరిత ట్రిబ్యునల్ 2019లో చెప్పింది. చూడండి, పదికి దించిన నీళ్లు కూడా స్నానానికి పనికిరావు. మామూలుగా నదిలో ఉండే మంచి నీళ్లు కలిసి అది ఇంకా పలచబడుతుంది. పాత అంబర్‌పేట గారు చెప్పినట్టు, మూసీలో ఆ మంచి నీళ్లే లేవు. కాబట్టి ఇక్కడ ప్లాంట్లు మిగతా ఊళ్లకన్నా బాగా పనిచేయాలి.

తేటగా కనిపించినంత మాత్రాన మోసపోకండి. క్లోరిన్ సరిగా వేయకపోతే తేట నీళ్లలోనే మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా లక్షల్లో ఉంటుంది. అందుకే ఫీకల్ కోలిఫామ్ అంకె కూడా అడగండి. ఇంకొకటి, ఇంటి మురుగు కోసం కట్టిన ప్లాంట్ భారలోహాల్ని, మందుల అవశేషాల్ని పూర్తిగా తీయలేదు. వాటిని ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆపాలి.

మూడో అంతస్తు | మంగళవారం, రాత్రి 9:50

నేను మొదట విసురుగా రాశాను, ఏమనుకోకండి. నా స్నేహితుడి ఇల్లు ఏటి పక్కన బస్తీలో ఉండేది. 2024లో మూసీ పనుల కోసం కూల్చాలని గోడ మీద గుర్తు పెట్టారు. ముప్పై ఏళ్లుగా ఉన్న ఇల్లు. వాళ్లమ్మ ఆ గుర్తు ముందే కుర్చీ వేసుకుని కూర్చుని ఏడ్చింది. అందుకే మూసీ అంటే నాకు ముందు ఆ గోడ గుర్తొస్తుంది. నది బాగుపడాలి, నేనూ కోరుకుంటున్నాను. కానీ మురుగంతా ఆ బస్తీవాళ్లది కాదు. మీదీ నాదీ, నిజాంపేటదీ, మాదాపూర్‌దీ. ఒడ్డున నడక దారులూ లైట్లూ తర్వాత. ముందు పైపులు కలపమనండి.

పాత అంబర్‌పేట | మంగళవారం, రాత్రి 10:20

ఈ మాట నేనూ ఒప్పుకుంటాను బాబూ. కూకట్‌పల్లి నాలా హుస్సేన్‌సాగర్‌లోకి వస్తుంది, సాగర్ అలుగు నాలా నల్లకుంట, గోల్నాక మీదుగా మూసీలో కలుస్తుంది. ఎక్కడో పడమర వంట చేసుకున్న గిన్నె కడిగిన నీళ్లు మా ఇంటి పక్కనుంచే పోతాయి.

కత్వకింద | వలిగొండ దిక్కు | బుధవారం, రాత్రి 7:30

మీ అందరి మాటలు చదివిన. మీరు వదిలేది మా దగ్గరికి వస్తది, అందుకని నేను కూడా చెప్పాలె.

మూసీకి అడ్డంగా మా దిక్కు కత్వలు ఉన్నయి, పాతకాలం రాతి కట్టలు. కత్వ కాడ నీళ్లు ఆగి కాలువలకు ఎక్కుతయి, కాలువల నుంచి చెరువులకు. పిల్లాయిపల్లి కాలువ, బొల్లేపల్లి కాలువ, భీమలింగం, ఇంకా ఆసిఫ్‌నహర్. దిగువన సూర్యాపేట దిక్కు మూసీ ప్రాజెక్టు. బోర్లు ఎండిపోయిన సంవత్సరం కూడా ఈ నీళ్లు ఆగవు. రెండు పంటలు వరి పండుతది. ఈ నీళ్లే లేకపోతే మా ఊరు ఎప్పుడో వలస పోయేది. అది కూడా నిజమే.

కానీ ఆ నీళ్లు ఎట్ల ఉంటయో చెప్త. కత్వ మీది నుంచి దుంకే కాడ నురగ మనిషి ఎత్తు లేస్తది. గాలి వీస్తే ముద్దలు ముద్దలుగా ఎగిరి వచ్చి చేను మీద పడతది. నాటుకు వచ్చే ఆడోళ్లు కాళ్లకు మోకాళ్ల దాకా నూనె రాసుకుని దిగుతరు, అయినా రాత్రి పూట గోకుడే. మా అమ్మ వేళ్ల సందుల్లో పుండ్లు వానాకాలం మొత్తం మానవు. వరి ఏపుగా, ముదురు ఆకుపచ్చగా పెరుగుతది, యూరియా వేయాల్సిన పనే ఉండదు. గింజ కాడికి వచ్చేసరికి తాలు ఎక్కువ, పైరు పడిపోతది. మూసీ వడ్లంటే ధర తగ్గించి అడుగుతరు. మా ఇంట్ల పొద్దున వండిన అన్నం సాయంత్రానికి వాసన వస్తది. మా తిండికి మేమే బయట బియ్యం కొనుక్కుంటం. పండించినోడు తన బియ్యం తినలేని బతుకు ఎట్లుంటదో మీరే అనుకోండ్రి.

ఉప్పల్ దాటినంక పీర్జాదిగూడ, ప్రతాపసింగారం కాడ ఒడ్డు పొడుగునా పెంచేది గడ్డి. అది బర్రెలకు పోతది, ఆ పాలు మీ పట్నానికే వస్తయి. ఇది ఎవరినో తప్పు పట్టడానికి అంటలేను, మీకు తెల్వాలని చెప్పిన.

నాది ఒకటే మనవి. నీళ్లు శుద్ధి చేయండ్రి, చేసినంక వాటిని ఫ్యాక్టరీలకో పార్కులకో మొత్తం అమ్ముకోకండ్రి. మా కాలువలకు మా వాటా రావాలె.

ల్యాబ్ మేడం | బుధవారం, రాత్రి 8:15

అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. కత్వల గురించి నేను ఒక మాట కలుపుతాను. ఆ రాతి కట్టలు చిన్న ప్లాంట్‌లాగే పనిచేస్తాయి. నీళ్లు ఆగిన చోట మడ్డి అడుగుకి దిగుతుంది, దూకే చోట గాలి కలుస్తుంది. అందుకే దిగువకి పోయేకొద్దీ మూసీ నీళ్ల అంకెలు మెరుగుపడుతూ వస్తాయి. అంటే నగరం మురుగుని ఇన్నేళ్లుగా మీ పొలాలూ మీ కాళ్లూ శుద్ధి చేస్తున్నాయి. అమ్మగారిని ఒకసారి చర్మ డాక్టర్‌కి చూపించండి. పొలంలో దిగేటప్పుడు మోకాలి దాకా ఉండే రబ్బరు బూట్లు వాడితే బురద తగలడం తగ్గుతుంది.

ఇంకో విషయం చాలామందికి తట్టదు. నగరానికి కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ వెనక నుంచి వంద కిలోమీటర్లకు పైగా పంపు చేసి తెచ్చుకుంటున్నాం. వాడుకుని మూసీలో వదిలితే అవి వాడపల్లి దగ్గర, సాగర్ దిగువన, మళ్లీ అదే కృష్ణలో కలుస్తున్నాయి. అక్కడి నుంచి పులిచింతల. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు తాగుతారు.

శివారు ఇల్లు | ఘట్‌కేసర్ | గురువారం, ఉదయం 7:05

మా వీధికి డ్రైనేజీ లైనే లేదు, అందరివీ సెప్టిక్ ట్యాంకులే. నిండితే ఫోన్ చేస్తాం, బండి వచ్చి తోడుకుపోతుంది. ఎక్కడ పోస్తారని ఎప్పుడూ అడగలేదు. మొన్న అడిగితే డ్రైవర్ తలదించుకుని "దగ్గర్లోనే మేడం" అన్నాడు. మాలాంటి వాళ్లం ఏం చేయాలి?

లెవెల్ మిషన్ | గురువారం, ఉదయం 10:40

మేడం, ఆ డ్రైవర్‌ని దొంగలా చూడకుండా పోసే చోటు చూపించాలి. వరంగల్‌లో ఇలాంటి బండ్ల కోసమే మలవ్యర్థాల శుద్ధి కేంద్రం పెట్టారు, ఆంధ్రలో నరసాపురంలోనూ ఉంది. చిన్న పట్నాలకి పైపుల కన్నా ముందు కావాల్సింది అదే. ఖర్చు తక్కువ, త్వరగా కట్టొచ్చు. సెప్టిక్ ట్యాంక్ బురద మామూలు మురుగు కన్నా ఎన్నో రెట్లు చిక్కన. ఒక్క బండి నాలాలో పోస్తే వందల ఇళ్ల మురుగు పోసినట్టే. మీరు చేయగలిగింది: రెండు మూడేళ్లకోసారి, పొంగకముందే తోడించండి. ఏ ప్లాంట్‌లో దింపారో రసీదు అడగండి. వీధంతా కలిసి అడిగితే రసీదు ఇచ్చే బండినే పిలుస్తారు. ట్యాంక్ అడుగు సిమెంటుతో గట్టిగా ఉందో లేదో కూడా చూసుకోండి. అడుగు లేని గుంత అయితే అది మీ బోరులోకే పోతుంది.

గట్టుమీద | తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 2:15

మీటింగ్ అయింది. పొద్దున్నే పరీక్ష కూడా చేశాం.

7 గంటల 10 నిమిషాలకి పైవీధి చివరింట్లో ఆకుపచ్చ నీళ్లు పోశాం. మెయిన్ రోడ్డు మీద లైన్ వాళ్లు మూత తీసి నిలబడ్డారు, నేను కల్వర్ట్ దగ్గర. పక్కన పది మంది పిల్లలు. పదకొండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత మా పాప "నాన్నా" అని అరిచింది. కల్వర్ట్ కింద, ముళ్లపొదల వెనక నుంచి, ఇన్నేళ్లు ఎవరి కంటా పడని పైపులోంచి, చిలకపచ్చ నీళ్లు నల్లటి నాలాలోకి పడుతున్నాయి. మెయిన్ రోడ్డు లైన్‌లోకి గంటసేపు చూసినా రంగు రాలేదు.

అంటే మా కాలనీ మొత్తం మురుగు నేరుగా ఏట్లోకే. నా వెండి కుందులు నల్లబడటంలో నా ఇంటి మురుగు కూడా ఉంది. ఆ పైపు చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

టేపు పెట్టి కొలిచాం. మా చివరి మ్యాన్‌హోల్ నుంచి పెద్ద లైన్‌కి 140 మీటర్లు. మధ్యలో లైనే వేయలేదు. మీటింగ్‌లో మొదట "ప్రభుత్వం వేయాలి, మనకెందుకు" అన్నారు. కత్వకింద అన్న రాసింది నేను పైకి చదివాను. వాళ్లమ్మ వేళ్ల సందుల దగ్గర నా గొంతు ఆగిపోయింది. తర్వాత ఎవరూ ఆ మాట అనలేదు. దరఖాస్తు మీద 96 ఇళ్లవాళ్లు సంతకం పెట్టారు. రోడ్డు తవ్వి పూడ్చే ఖర్చు ఆలస్యమైతే కాలనీ ఫండ్ నుంచి ముందు ఇవ్వడానికి కూడా ఒప్పుకున్నారు. ల్యాబ్ మేడం చెప్పిన బీఓడీ, ఫీకల్ కోలిఫామ్ అంకెలు ప్లాంట్ గేటు దగ్గర బోర్డు మీద రోజూ రాయాలని దరఖాస్తులో చేర్చాం.

లెవెల్ మిషన్ | ఆదివారం, మధ్యాహ్నం 3:00

శభాష్. 140 మీటర్లకి వాలు సరిపోతుందో లేదో నేను వచ్చి చూసిపెడతాను, డబ్బులు అక్కర్లేదు. శనివారం పొద్దున ఖాళీయేనా?

గట్టుమీద | ఆదివారం, మధ్యాహ్నం 3:12

ఖాళీయే సార్, టిఫిన్ మా ఇంట్లోనే. అమ్మ చెప్పమంది.

కత్వకింద | ఆదివారం, రాత్రి 7:45

అన్నా, మా అమ్మకు మీ మాట చెప్పిన. లైను కలిపిన తారీఖు నాకు ఒక్క మెసేజ్ పెట్టు. ఆ రోజు నుంచి కత్వ కాడ నురగ ఫోటో ప్రతి ఆదివారం ఇక్కడ పెడత. ఒక్క కాలనీకి తగ్గదని తెలుసు. అయినా పెడత.